వంత గొంతు

పాటలో ఐదో మెట్టు దగ్గర క్వింటన్ నోరు తెరిచాడు. అతని నోట్లోంచి మాట బయటికి రాకముందే ఆ మాట స్పీకర్లోంచి వచ్చేసింది. అదే మాట. గొంతు కూడా అదే. అతని గొంతే.

మైకు దించాడు.

అది మెంఫిస్‌లో విమానాశ్రయం పక్కనున్న పాత గోదాము. ప్రాక్టీసు కోసమని రికార్డు కంపెనీవాళ్ళు వారానికి అద్దెకి తీసుకున్నారు. పైన రేకులు కాలిపోతున్నాయి. రెండు పెద్ద ఫ్యాన్లు తిరుగుతున్నా ఆ గాలీ వేడిగానే ఉంది. మధ్యలో తెల్లటి టేపుతో స్టేజీ కొలతలు గీశారు. ఆ గీతల మధ్య నిలబడి పాడుతున్నాడు అలోంజో టీగ్. దేశమంతా ఇప్పుడు లోంజో అని పిలిచే మనిషి. మెట్టుకో చరణంగా రాసిన అతని 'పదకొండు మెట్లు' పాట నాలుగు వారాలుగా దేశంలో మొదటి స్థానంలో ఉంది. శనివారం మధ్యాహ్నం మూడింటికి, తను పుట్టి పెరిగిన ఆరెంజ్ మౌండ్ పేటలో, తను చదివిన హైస్కూలు మైదానంలో, టిక్కెట్టు లేకుండా పాడబోతున్నాడు.

క్వింటన్ ఫైసన్ అతని వెనక, ఎడమపక్క, రెండడుగుల దూరంలో నిలబడే మనిషి. పదకొండేళ్ళుగా అతని చోటు అదే.

లోంజో రాసే చరణాలు పొడుగు. చిన్నప్పటి నుంచీ ఉబ్బసం ఉన్నవాడు, ఊపిరి పట్టేదానికంటే నాలుగు మాటలు ఎక్కువే రాస్తాడు. పొట్టిగా రాసుకోరా అంటే వినడు. ఆ చివరి మాట క్వింటన్ అందుకుంటాడు. అతను ఆ మాట అనేలోపు లోంజో గాలి పీల్చుకుంటాడు.

"మొదటి మెట్టు మీద మా అమ్మ నన్ను దించి, వెనక్కి చూడకుండా..." అని లోంజో అంటే, "వెళ్ళింది!" అని క్వింటన్.

జనం అదొక సొగసు అనుకుంటారు. ఇద్దరు మనుషుల రొమ్ములతో పాడే పాట అని వాళ్ళకి తెలీదు. పాడుతున్నంతసేపూ క్వింటన్ ముఖం చూడడు, వీపు చూస్తాడు. చొక్కా కింద కుడి భుజం వెంట్రుకవాసి పైకి లేచిందంటే గాలి అయిపోయినట్టే. ఒకనాడు ఒక మాట అందుకోవాలి, ఒకనాడు మూడు. వర్షం పడినరోజు సగం చరణం. ఏ రోజు ఎంతో ముందుగా మాట్లాడుకున్నది ఎన్నడూ లేదు.

"ఆపండి," అన్నాడు క్వింటన్. "ఎవరో రికార్డులోంచి నా గొంతు తీసెయ్యడం మర్చిపోయారు."

"మర్చిపోలేదు," అంది హాలండ్. స్టేజీ మీద ఎవరు ఎక్కడుండాలో చూడ్డానికి లాస్ ఏంజిలిస్ నుంచి కంపెనీ పంపిన ఆవిడ. చేతిలో పలకలాంటి కంప్యూటరు, కాళ్ళకి తెల్ల బూట్లు. "కావాలనే పెట్టాం. శనివారం నుంచి స్టేజీ మీద లోంజో ఒక్కడే ఉంటాడు. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది."

"మరి నా మాటలు?"

"నీ మాటలు ఎక్కడికి పోతాయి? వింటున్నావుగా. నీ గొంతే. నీకు జలుబు చేసినా దానికి చెయ్యదు." ఆవిడ నవ్వింది. తిట్టినట్టు కాదు, మంచి కబురు చెప్పినట్టే నవ్వింది.

క్వింటన్‌కి ఏప్రిల్ నెల గుర్తొచ్చింది. స్టూడియోలో కుర్రాడు, "అన్నా, నీ మాటలన్నీ విడిగా ఒకసారి చెప్పి పో, శుభ్రంగా ఉండాలి," అన్నాడు. ఎందుకని అడగలేదు. ఇన్నాళ్ళకి తననీ లెక్కలోకి తీసుకున్నారనుకున్నాడు. ఒక మధ్యాహ్నమంతా గాజుగదిలో ఒక్కడే నిలబడి పదకొండు పాటల మాటలూ చెప్పాడు. మూడుచోట్ల బాగాలేదని తనే మళ్ళీ చెప్పాడు. ఆ కుర్రాడు పొట్లం కట్టించి ఇచ్చిన కోడి రెక్కలు తింటూ క్వింటన్ ఇంటికొచ్చి, అమ్మకి చెప్పుకున్నాడు కూడా.

"లోంజో," అని పిలిచాడు.

లోంజో నీళ్ళు తాగుతున్నాడు. సీసా ఖాళీ అయినా దించలేదు. వెనక్కి తిరగలేదు.

"మళ్ళీ మొదటి నుంచి," అంది హాలండ్. "క్వింటన్, నువ్వు ఆ టేపు గీత దాటి ఇవతలకి వస్తావా?"

వచ్చాడు.

* * *

గురువారం పొద్దున టాలివర్ క్షవరం కొట్టు నిండిపోయింది. కొట్టు ముందు నల్ల కారు ఆగి ఉంది. లోంజో ఎంత పెద్దవాడైనా తల మాత్రం టాలివర్ చేతికే ఇస్తాడు. ఆయనకి డెబ్భై రెండేళ్ళు. ఆ పేటలో మగపిల్లలందరి మొదటి జుట్టూ ఆయన తీసిందే.

"నంబర్ వన్ అయ్యావు, బానే ఉంది," అంటున్నాడు టాలివర్, నుదురు దగ్గర మిషను ఆడిస్తూ. "నీ జుట్టు మాత్రం నిన్ను చూసి వెనక్కి నడుస్తోందిరా. ఇంకో రెండు పాటలు హిట్టయితే మెడ దగ్గర వెతుక్కోవాలి."

కొట్టంతా గొల్లుమంది.

"టోపీ పెట్టుకుంటాలే బాబాయ్," అన్నాడు లోంజో.

"టోపీ కింద పాట రాదు. మీ తాత బోడిగుండుతోనే చర్చిలో పాడేవాడు. కిటికీ అద్దాలు అదిరేవి. ఆయన రొమ్ము అలాంటిది. నీకేమో పిచ్చుక రొమ్ము వచ్చింది."

తలుపు గంట మోగింది. క్వింటన్ లోపలికొచ్చాడు. అందరూ పలకరించారు. ఎవరో కుర్చీ జరిపారు. అతను కూర్చోలేదు. లోంజో ఎదురుగా వెళ్ళి అద్దానికి వీపు ఆనించి నిలబడ్డాడు.

"నీకు తెలుసా?" అని అడిగాడు.

"ఏంటి?"

"నువ్వు ఏంటి అని అడక్కు. నిన్న ఆ మనిషి చేసింది నీకు ముందే తెలుసా?"

టాలివర్ మిషను ఆపాడు.

లోంజో అద్దంలోకి చూడాలన్నా అక్కడ క్వింటన్ ఉన్నాడు. తల దించుకుని, మెడకి కట్టిన గుడ్డ మీద పడ్డ వెంట్రుకల్ని చూశాడు. "కంపెనీ వాళ్ళు ఒకే ముఖం కనపడాలంటారు."

"కంపెనీ సంగతి కాదు నేనడిగింది."

"తెలుసు," అన్నాడు లోంజో. "నేనే చెప్పాను వాళ్ళకి."

క్వింటన్ అద్దానికి ఆనించిన వీపు తీసి ముందుకొచ్చాడు.

"ఎందుకురా?"

"పదకొండేళ్ళ నుంచి నా నోట్లో మాట నువ్వే లాక్కుంటున్నావు. ఒక్క చరణం నన్ను ముగించనిచ్చావా? నా పాట నేను ముగించుకుంటాను. తప్పా?" గుడ్డ కింద అతని రొమ్ము ఎగిరెగిరి పడుతోంది. కోపం అనుకున్నాడు క్వింటన్. "నీకు రావలసింది నీకు వస్తుంది. కాగితం రాయిస్తాను."

"నేను కాగితం అడిగానా?"

"మరేం కావాలి?"

కావలసింది లోంజో వెనక, ఎడమపక్క. రెండడుగుల చోటు. దానికి పేరేముంటుంది? "మా అమ్మ శనివారానికి కొత్త టోపీ కొనుక్కుంది," అన్నాడు చివరికి. అన్నాక సిగ్గేసింది.

లోంజో ఏదో అనబోయి దగ్గాడు. టాలివర్ ఇద్దర్నీ చూసి, "ఇక్కడ నా చేతిలో కత్తి ఉంది. మాట్లాడుకునేది బయట మాట్లాడుకోండి," అన్నాడు మెల్లగా.

బయట మాట్లాడుకోలేదు. క్వింటన్ ఒక్కడే వెళ్ళిపోయాడు.

* * *

శుక్రవారం అతను మిస్ ఒజెల్లా ఇంటికి వెళ్ళాడు. లోంజోని పెంచిన నాయనమ్మ ఆవిడ. మనవడు వేరేచోట పెద్ద ఇల్లు కట్టిస్తానన్నా కదల్లేదు. కార్ల్‌టన్ వీధిలో అదే రెండంతస్తుల చెక్క ఇల్లు, పై వాటా, బయట నుంచి పదకొండు మెట్లు. ఇప్పుడు పరాయి ఊళ్ళ నుంచి పిల్లలొచ్చి ఆ మెట్ల మీద కూర్చుని ఫోటోలు తీసుకుపోతున్నారు.

ఆవిడ పొయ్యి దగ్గర ఉంది. మొక్కజొన్న పిండిలో దొర్లించిన చేప ముక్కలు ఒక్కొక్కటీ నూనెలో వదులుతోంది. పక్కన స్పెగెటీ ఉడుకుతోంది.

"కూర్చో. నిలబడి తింటే ఒంటికి పట్టదు," అంది వెనక్కి చూడకుండానే. అడుగుల చప్పుడు బట్టి మనిషిని పోల్చుకుంటుంది.

"తినడానికి రాలేదు నాయనమ్మా."

"ఈ ఇంటికి ఇంకెందుకొచ్చావురా ఎప్పుడైనా?"

నవ్వబోయాడు. రాలేదు. జరిగిందంతా చెప్పాడు. ఆవిడ ముక్క తిప్పుతూ, నూనె వార్చుతూ, కాగితం మీద పరుస్తూ వింది.

"మీరు ఒక్క మాట చెప్పండి వాడికి," అన్నాడు. "మీ మాట తీసెయ్యడు. ఈ ఒక్క శనివారం. మన పేటలో, మనవాళ్ళ ముందు. తర్వాత వాడి ఇష్టం."

ఒజెల్లా పొయ్యి ఆర్పి, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. మోకాలు నొక్కుకుంది.

"నా మాట వినేవాడైతే ముందు ఇంట్లోకి రావాలిగా. ఈస్టర్ తర్వాత ఈ గడప తొక్కలేదు వాడు. వీధిలో కారు ఆపి హారన్ కొడతాడు. ఈ మోకాళ్ళతో నేనే దిగాలి. అద్దం దించి నా చెయ్యి పట్టుకుంటాడు, ముద్దు పెడతాడు, పోతాడు. మొన్న అడిగాను, పైకి రారా, అన్నం పెడతా అని. పని ఉంది అన్నాడు. పదకొండు మెట్లెక్కడానికి తీరిక లేని పనేంటో!"

"పాట మాత్రం ఆ మెట్ల మీదే రాశాడు," అన్నాడు క్వింటన్.

"అదే మరి."

ఆవిడ పళ్ళెంలో మూడు ముక్కలు పెట్టి అతని ముందుకి తోసింది.

"పెద్దవాడైపోయాడురా," అంది. "మనం కనపడనంత పెద్దవాడు."

క్వింటన్ తిన్నాడు. మెట్లు దిగుతుంటే కోపం చల్లారలేదు సరికదా ఇంకాస్త గట్టిపడింది. తనని తీసేశాడంటే సరే. ఈ ముసలిదాన్ని కూడా కిందికి దిగమంటాడా! శనివారం వాడు అందరి ముందూ ఒక్కసారి తడబడితే బాగుండుననుకున్నాడు. ఒక్క చరణం చాలు. గాలి అందక నోరు తెరిచి, వెనక్కి తిరిగి చూడాలి.

* * *

శనివారం పొద్దున తల్లి వెర్లీన్ ఇస్త్రీ చేసిన నల్ల చొక్కా తలుపుకి తగిలించింది. స్టేజీ చొక్కా. క్వింటన్ దాన్ని వదిలేసి గళ్ళ చొక్కా వేసుకున్నాడు.

"అదేంటి?" అంది.

అప్పుడు చెప్పాడు. నిలబడే చెప్పాడు, బొత్తాలు పెట్టుకుంటూ. కంపెనీ నుంచి వచ్చిన రెండు కార్డులు బల్ల మీద పెట్టాడు. వాటి మీద 'కుటుంబం' అని ఉంది.

వెర్లీన్ ఆ కార్డులు తిరగేసి చూసింది. నాలుగు రోజులుగా చర్చి వంటింట్లో ఆవిడ చెప్పుకోనివాళ్ళు లేరు. ఫలానా చోట నిలబడతాడు, ఎడమపక్క చూడండి అని. కాసేపటికి అద్దం దగ్గరికి వెళ్ళి టోపీ పెట్టుకుంది. నిమ్మపండు రంగు టోపీ, పక్కన ఈక.

"అమ్మా, మనం వెళ్ళక్కర్లేదు."

"నీ గొంతు ఉంటుందన్నారుగా?"

"ఉంటుంది."

"అయితే నా కొడుకు గొంతు వినడానికి వెళ్తున్నా. నీకిష్టమైతే నువ్వూ రా." టోపీ పిన్ను గుచ్చుకుంది. "ఆ చొక్కా బాగాలేదు. ఇంకోటి వేసుకో."

మైదానంలో ఇసక వేస్తే రాలనంత జనం. చెక్క బల్లల మెట్ల మీద మధ్య వరసలో వాళ్ళ చోటు. ఎండ నెత్తిన ఉంది. లోంజో తెల్ల దుస్తుల్లో స్టేజీ మీదకి నడిచొచ్చాడు, పరిగెత్తలేదు. మైదానం లేచి నిలబడింది. పేటవాళ్ళు ఆగలేరు కాబట్టి మొదటి పాటే 'పదకొండు మెట్లు'. చివర మళ్ళీ అదే.

పదకొండేళ్ళలో అతను పాడుతుంటే క్వింటన్ ముందు నుంచి చూడ్డం ఇదే మొదటిసారి. కళ్ళు అలవాటు కొద్దీ కుడి భుజం మీదకి పోయాయి.

"మొదటి మెట్టు మీద మా అమ్మ నన్ను దించి, వెనక్కి చూడకుండా..."

"వెళ్ళింది!" అంది స్పీకరు.

"నువ్వే," అంది వెర్లీన్, మోచేత్తో పొడిచి. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు.

రెండో మెట్టు. మూడో మెట్టు. భుజం లేవలేదు. క్వింటన్ ముందుకి వంగాడు. గాలి పీల్చుకోవలసిన చోట లోంజో పీల్చుకోవడంలేదు. పీల్చకూడని చోట పీలుస్తున్నాడు. గబగబా, పైపైన, ఎండలో కుక్క రొప్పినట్టు. ఆ రొమ్ముకీ పాటకీ సంబంధం లేదు. పాట తన దారిన తను పోతోంది, నున్నగా, ఎక్కడా తొణక్కుండా. నాలుగో మెట్టులో ఒక మాట దగ్గర చిన్న జీర వినపడింది. ఆ జీర క్వింటన్‌కి తెలుసు. రికార్డింగు వారంలో లోంజో దవడపన్ను పీకించుకున్నాడు. ఆ వారం తర్వాత ఎప్పుడూ రాలేదా జీర.

స్పీకర్లోంచి వస్తున్నది తన గొంతు ఒక్కటే కాదు. ఇద్దరిదీ. స్టేజీ మీద లోంజో పెదాలు మాత్రం ఆడిస్తున్నాడు.

కారులోంచి దిగని మనిషి. గుడ్డ కింద ఎగిరిపడిన రొమ్ము. బుధవారం నీళ్ళ సీసా వెనక దాక్కున్న ముఖం. ఈస్టర్ నుంచి వాడి ఊపిరి అయిపోయింది, ఆ తర్వాత ఇద్దరూ కలిసి స్టేజీ ఎక్కిందే లేదు. హాలండ్‌కి తెలిసే ఉంటుంది, జనానికి తెలీదు. తెలుసుకోగలిగిన మనిషి దేశం మొత్తంలో ఒక్కడే. వెనక, ఎడమపక్క, రెండడుగుల్లో నిలబడేవాడు. ఆ ఒక్కడికీ తన వీపు కనపడకూడదనుకున్నాడు లోంజో.

'ఒరేయ్, నాకు చెప్పొచ్చు కదరా,' అనుకున్నాడు క్వింటన్. అనుకున్నాక తెలిసింది, చెప్పలేడని. తనైనా చెప్పేవాడు కాదు.

ఏడో మెట్టు మధ్యలో లోంజోకి దగ్గొచ్చింది. ఆపుకోబోయి వంగిపోయాడు. మైకు నడుము దాకా జారింది. పాట ఆగలేదు. లోంజో గొంతు గట్టిగా, హాయిగా, ఏడో మెట్టు ఎక్కేస్తూనే ఉంది.

"ఒసేయ్, చూశావా? నోరు మూసే ఉంది!" వెనక వరసలో పిల్ల.

"ఏదీ?" ఇంకో పిల్ల ఫోను పైకెత్తింది.

"మనోడు కదా అని పని మానుకుని వస్తే క్యాసెట్టు వేసి పోతున్నాడే!" అన్నాడు వాళ్ళ పక్కన లావాటి మనిషి. "పాడరా బాబూ! అంత పెద్దవాడివైపోయావా?"

అటూ ఇటూ తలలు తిరుగుతున్నాయి. ఇంకో రెండు ఫోన్లు లేచాయి. నిన్న మెట్లు దిగుతూ క్వింటన్ కోరుకున్నది ఇదే. చెయ్యవలసింది ఏమీ లేదు. ఊరికే కూర్చుంటే చాలు.

లేచి నిలబడ్డాడు.

"ఎనిమిదో మెట్టు మీద నాయనమ్మ బైబిలు చదివింది, నాకేమో ఆకలి వినపడింది!" చివరి మాట ఒక్కటే కాదు, చరణం మొత్తం. మైకు లేదు, ఉత్త గొంతు. పక్కవాళ్ళు ఉలిక్కిపడ్డారు.

"కూర్చో, జనం చూస్తున్నారు," వెర్లీన్ చొక్కా పట్టి లాగింది.

"పాడమ్మా," అన్నాడు ఊపిరి మధ్యలో. "నీకొచ్చుగా. గట్టిగా పాడు!"

ఆవిడ కొడుకు ముఖంలోకి చూసింది. ఏం చూసిందో, లేచింది. ముప్ఫై ఏళ్ళు చర్చి బృందంలో పాడిన గొంతు. టోపీ వణికింది. క్వింటన్ వెనక్కి తిరిగి, ఆ లావాటి మనిషి భుజం మీద చెయ్యి వేసి, "రాదా నీకు? ఏ పేట నీది?" అని అరిచాడు.

"నాకు రాకపోవడమేంటి? నేను పుట్టిందే కార్ల్‌టన్ వీధిలో!" ఆ మనిషి రోషంగా లేచి అందుకున్నాడు. ఫోను పట్టిన పిల్లలూ అందుకున్నారు. వరస వరసా లేచింది. చెక్క బల్లలు దడదడలాడాయి. ఇటు మెట్ల మీదివాళ్ళు మొదలుపెడితే అటు మెట్ల మీదివాళ్ళు ఊరుకుంటారా. తొమ్మిదో మెట్టు వచ్చేసరికి స్పీకర్లు ఏమంటున్నాయో ఎవరికీ వినపడలేదు.

లోంజో మెల్లగా నిటారుగా లేచాడు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, మైకు జనం వైపు చాపాడు. పదో మెట్టు, పదకొండో మెట్టు జనమే ఎక్కారు. అంతసేపూ అతను మోకాలి మీద ఒక చెయ్యి ఆన్చి గాలి పీల్చుకున్నాడు. నోటి నిండా, అడుగుదాకా. కుడి భుజం పైకి లేచి, నిలిచి, కిందికి దిగడం క్వింటన్ చూశాడు.

పాట అయిపోయింది. చప్పట్లు ఆగడంలేదు. లోంజో కళ్ళు తుడుచుకుని, రెండు చేతులూ ముద్దు పెట్టుకుని ఎదురు వైపు మెట్ల మీదకి విసిరాడు. అటువైపు ఎక్కువ జనం ఉన్నారు.

"ఇటు చూడలేదే?" అంది వెర్లీన్.

"ఎండ కదమ్మా. ఇటు కనపడదు." గొంతు అప్పుడే బొంగురుపోయింది.

"ఏమైందిరా వాడికి?"

"ఏమీ కాలేదు."

వెనక లావాటి మనిషి చెమట తుడుచుకుంటూ అడిగాడు. "ఏమోయ్, నిజం చెప్పు. నువ్వు వాడి వెంట తిరిగేవాడివట కదా? ఇందాక నోరు కదలకుండానే పాట వచ్చింది. వాడేనా పాడుతున్నది?"

"పదకొండేళ్ళు వెనక నిలబడ్డాను," అన్నాడు క్వింటన్. "వాడే."

రెండో పాట మొదలైంది. లోంజో మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు. వరసలో అందరూ కూర్చుంటున్నారు. ఇంకా పది పాటలున్నాయి. క్వింటన్ కూర్చోలేదు.